తార్ల రాసే ఉరుకుడు మాటలు

మొన్న మా మునిమనుమరాలు నా మంచం మీద బొమ్మల పుస్తకం పరుచుకొని కూసున్నది. పేజి నిండ ఉరికేటోళ్ల బొమ్మలే. పిల్లగాని ఎన్క కుక్క ఉరుకుతాంది, బస్సు ఎన్క ఒక సారు ఉరుకుతాండు, ఒక్కో బొమ్మ కింద ఒక్కో ఇంగ్లీషు మాట. రన్, రష్, హర్రీ, డాష్ అని అది రాగం తీసుకుంట చదువుతాంటే నా చేతిల చాయ్ అట్లనే చల్లారింది. అన్నీ ఉరుకుడే కదా అవ్వా, ఇన్ని మాటలెందుకు అని మూతి ముడిచింది. అన్నీ ఒకటి కావు బిడ్డా అని నోటిదాక వచ్చింది గని ఊకున్న. బడి మొకం చూడని ముసల్దాని మాట ఎవలు నమ్ముతరు? నాకైతే ఆ మాటలు మా చిన్నమామ, అంటే మా ఇంటాయన చిన్నాయన, ఎన్నడో నేర్పిండు.

మాది తిరుమలగిరి దిక్కు ఒక ఊరు, అండ్ల సాలెవాడ. నేను కాపురానికి వచ్చిన ఏండ్లల్ల నూలు దొరుకుడు కష్టమై, వాడల మొగోళ్లు సగంమంది బొంబాయి మిల్లులకు పోయిన్రు. పెండ్లయిన కొన్నాళ్లకే మా ఇంటాయన గూడ పోయిండు. ఇంట్ల మిగిలింది నేను, అత్త, ఆమె మరిది చిన్నమామ. మామ అప్పటికే కాలం చేసిండు. చిన్నమామ ఉర్దూ బడిల చదివినోడు, ఇంగ్లీషు మాత్రం తనంతల తనే నేర్చుకున్నడు. మగ్గం గుంటల కూసుండి నేసుకుంటనే పక్కకు డిక్షనరీ పెట్టుకొని గొణుగుతుండేటోడు. పెండ్లి ఎందుకు చేసుకోలేదంటే, ఇంగ్లీషుతోనే అయిపోయిందని అత్త ఎక్కిరించేది.

మిల్లుల పని పంచే ముకద్దం సెలవియ్యాలంటే ఊరికాంచి తార్, అంటే టెలిగ్రాం, రావాలె. పీరీల పండుగ, చెల్లె పెండ్లి అంటే ఇయ్యడు. తల్లి సావుబతుకుల మీదున్నదంటేనే ఇస్తడు. ఇంకేం, వాడల ఎవల కొడుకు రావాలన్నా ఆ తల్లి చిన్నమామ కాడికొచ్చి, నన్ను జర సీరియస్ చెయ్యి అయ్యా అని అడిగేది. ఈయన 'మదర్ సీరియస్, స్టార్ట్ ఇమ్మీడియట్లీ' అని రాసుకొని, సూర్యాపేట పోయి తార్ కొట్టి వచ్చేటోడు. తార్ల పానం మీదికొచ్చిన తల్లి ఇంట్ల జొన్నరొట్టెలు కాల్చుకుంట కొడుకు కోసం చూసేది. మా అత్త అయితే పండుగ పండుగకు సీరియసే.

ముకద్దం అంత పిచ్చోడేం కాదు. కొన్నాళ్లకు స్టార్ట్ అని వస్తే నవ్వి తార్ చింపేసుడు మొదలుపెట్టిండట. అప్పుడు చిన్నమామ 'కం సూన్' అని రాసిండు. అది ఒక ఎండకాలం నడిచింది. అదిట్ల పాతబడంగనే 'హర్రీ' అని రాసిండు. మాట మార్చినప్పుడల్లా మా అత్తాకోడండ్లను కూసుండబెట్టి దాని గుణం చెప్పేటోడు. స్టార్ట్ అంటే ఉట్టి బయలెల్లుడే, బయలెల్లినోడు బీడీ తాక్కుంట గూడ రావొచ్చు. హర్రీ అంటే మనసుల తొందర. రష్ అంటే చేతిలది ఆడనే పారేసి వచ్చుడు. రన్ మాత్రం తార్ల రాయొద్దు, అది కాళ్లతోటి ఉరుకుడు, బొంబాయి కాంచి కాళ్లమీద వస్తడా అనేటోడు. అత్తకు ఇదంత ఆటైపోయింది. నేను బాయికాడ ముచ్చట్లు పెడితే, హర్రీగ రావే అని వాడంత ఇనబడేటట్టు కేకేసేది.

రష్‌ను మాత్రం ఎవలడిగినా వాడలేదు. అది నిజంగ పానం పోయేటోళ్ల కోసమని దాచిపెట్టిండు. నాకు నెలలు నిండినంక అత్తే పట్టుబట్టింది, కాన్పు టైముకు కొడుకు ఇంట్ల ఉండాలె, ఆ రష్ ఏదో రాయమని. చిన్నమామ బువ్వ ముందటికెల్లి లేసిండు.

"వదినె, ఇదొక్కటే మిగిలింది. రేపు నీకేమన్నయితే ఏం రాయాలె?" అన్నడు.

"నాకేమైతది, గుండ్రాయి లెక్క ఉన్న. రాయి" అన్నదామె.

రాసిండు. మా ఇంటాయన వచ్చిండు, బిడ్డను ఎత్తుకున్నడు, తల్లి పక్కన కూసుండి రొట్టెలు తిన్నడు. ఇల్లంత సంబురమైంది.

ఏడాది తిరగకముందే అత్తకు కడుపుల నొప్పి లేసింది. సూర్యాపేట దవాఖానల చూసి, ఇంటికి తీస్కపోండ్రి అన్నరు. ఆమె అడిగింది ఒక్కటే, కొడుకు మొకం చూడాలె అని. చిన్నమామ తార్ ఆఫీసు బల్ల మీద శానాసేపు కూసున్నడట. అన్ని మాటలు అరిగిపోయినయి. ఇగ ఏం చేస్తడు, స్టార్ట్, హర్రీ, రష్ అన్నీ ఒకదాని ఎన్క ఒకటి రాసి, తనే రాయొద్దన్న రన్ గూడ రాసిండు. ఇదేం ఇంగ్లీషయ్యా అని తార్ బాబు నవ్వితే, కొట్టు సారూ అని చేతులు జోడిచ్చిండు. అత్త తలుపు దిక్కే చూసుకుంట పండుకున్నది. బండి చప్పుడైతే వచ్చిండా అని అడిగేది, తొవ్వల ఉన్నడత్తా అని నేను చెప్పేదాన్ని. తర్వాత అడుగుడు బందు చేసింది. ఒక పొద్దుగాల పోయింది. ఎండలు మండుతున్నయి, ఎంతసేపని ఆపుతం, మట్టి చేసినం.

రెండు దినాలకు మా ఇంటాయన వచ్చిండు. నవ్వుకుంట వచ్చిండు. సంకల మూట, మూటల తల్లికి మిల్లు చీర, బిడ్డకు గిలక్కాయ. వాకిట్లకు రాంగనే, ఏదే మా సీరియస్ ముసల్ది అని కేకేసిండు. నా మొకం చూసి ఆయన మూట కింద పెట్టిండు. చిన్నమామ మగ్గం గుంటలకెల్లి లేసి వచ్చి, తార్ అందలేదా అని అడిగిండు. అందింది. ముకద్దం ఆ మాటలన్నీ చూసి, ఈసారి నిజమేనేమో అని అప్పటికప్పుడు పొమ్మన్నడట. ఆగింది ఈయననే. బజారంత తిరిగి చీర కొన్నడు, తోడు వస్తనన్న ఊరోనికి జీతం అందేదాక ఆగిండు. నాకు కోపం రాలేదంటే అబద్ధం. గని ఎవల మీద చూపాలె?

"ఏం రాసుంటే ఉరికొస్తుంటివిరా?" అన్నడు చిన్నమామ.

"నువ్వు ఏం రాసినా గంతే చిన్నాయనా. నీ తార్ వచ్చిందంటే అమ్మ మంచిగున్నదనే అనుకునేటోన్ని."

చిన్నమామ మళ్ల తార్ రాయలేదు. ఎవలన్న వస్తే ఇంగ్లీషు మర్చిపోయిన అనేటోడు. మా ఇంటాయన మటుకు బొంబాయి ఇడిచి వచ్చినంక బతికినన్నాళ్లు, ఇంట్ల ఎవలకు దగ్గొచ్చిందన్నా పని ఆడనే పారేసి ఉరికొచ్చేటోడు. వచ్చి చూస్తే ఏముంటుండె, మామూలు దగ్గే. వాకిట్ల నిలబడి జరసేపు తలుపు దిక్కు చూసి, నీళ్లు తాగి మళ్ల పనికి పోయేటోడు. అరవై ఏండ్లు ఎట్లనో గడిచిపోయినయి, ఆ రెండు దినాలే మా ఇంట్ల ఇంక గడవలే.