జంకని కుర్రాడు

ఎవరూ మీద పడనప్పుడు బంతి ఎవడైనా విసురుతాడు. లోవెల్ ప్రిచెట్ ఈ మాట అన్నన్నిసార్లు పెళ్ళాం పేరు కూడా తలచి ఉండడు. ఆవిడ వదిలేసి వెళ్ళడానికి అదీ ఒక కారణమేనని ఊళ్ళో అనుకుంటారు. ఒహాయోలో ఒక మోస్తరు కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి స్కూలు కుర్రాళ్ళను వెతికిపెట్టడం అతని ఉద్యోగం. మనాంగహేలా నది పొడుగునా మూతపడ్డ ఉక్కు మిల్లుల ఊళ్ళు, శుక్రవారం సాయంత్రాల ఆటలు, ఇనుప బెంచీల మీద చలి, కాగితం కప్పులో చప్పటి కాఫీ. ముప్ఫై ఏళ్ళుగా ఇదే తిరుగుడు. మోకాళ్ళు అరిగాయి, కార్లు అరిగాయి, ఆట మీద సరదా ఎప్పుడు అరిగిపోయిందో అతనికే గుర్తు లేదు.

అతను చూసేది క్వార్టర్‌బ్యాక్‌లను. ఆటలో అందరికంటే దిక్కులేని కొలువు అదే. బంతి చేతికి అందిందో లేదో, కొండల్లాంటి మనుషులు నలుగురైదుగురు పడగొట్టడానికి దూసుకొస్తారు. ఆ కాస్త వ్యవధిలో దూరంగా పరిగెడుతున్న తనవాణ్ణి వెతికి బంతి అందించాలి. మామూలు కుర్రాడైతే అక్కడే దొరికిపోతాడు. కళ్ళు ఒక్క క్షణం వచ్చేవాడి మీదికి పోతాయి, భుజం ముడుచుకుంటుంది, పాదం వెనక్కి జరుగుతుంది. బంతి ఎక్కడ పడిందో జనమంతా చూస్తారు. లోవెల్ మాత్రం వీడియో టేపు వెనక్కి తిప్పి, ముందుకు తిప్పి, ఆ పాదాన్నే చూస్తాడు. జంకాడా, జంకలేదా? జంకితే ఆ టేపు అవతల పడేయడమే. పదిహేడేళ్ళ పిల్లలు, అంత మనిషి మీద పడుతుంటే జంకకపోతే వాళ్ళు మనుషులా అని చర్చిలో చేపల విందు దగ్గర ఒక ముసలావిడ నిలదీసింది. "మనుషులైతే మాకు పనికిరారమ్మా" అన్నాడట. హాస్యానికి అన్నాడని అందరూ నవ్వారు గానీ, అతను నవ్వలేదు.

అలాంటివాడికి గేరెట్ హ్రివ్నాక్ దొరికాడు. చెయ్యి అంత బలమైనది కాదు, కాళ్ళలో వేగమూ అంతంత మాత్రమే. కానీ కుడివైపు నుంచి, కళ్ళెదురుగా మనిషి వచ్చి పడుతున్నా సరే, పాదం కదలనిచ్చేవాడు కాదు. వీధి అరుగు మీద నిలబడ్డట్టు నిలబడి, బంతి విసిరి, అప్పుడు పడిపోయేవాడు. లోవెల్ రెండు సీజన్లు ఆ టేపులే చూశాడు. మధ్యలోంచి వచ్చినప్పుడు కుర్రాడు అప్పుడప్పుడు తడబడ్డాడు, నిజమే. ఆ తప్పు ముందు కాపలా ఉన్న ఆటగాళ్ళదని కొట్టిపారేశాడు. కాలేజీ పెద్ద కోచ్‌కి ఆ కుర్రాడు ఆనలేదు.

"ప్రిచెట్, ఇంతకంటే బాగా విసిరేవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు" అన్నాడు.

"విసిరేవాళ్ళు ఉంటారు. నిలబడేవాణ్ణి చూపించండి."

"సరే, నీ మాట మీదే తీసుకుంటున్నాను. ఇదీ తప్పితే కారు తాళాలు బల్ల మీద పెట్టి ఇంటికి పో."

జనవరిలో, ఖాయం చేసుకోవడానికి లోవెల్ వాళ్ళింటికి వెళ్ళాడు. తండ్రి లేడు. తల్లి డార్లీన్ వృద్ధుల ఆశ్రమంలో బట్టలు ఉతికే పని చేస్తుంది. బ్లీచింగ్ నీళ్ళకి చేతులు పాలిపోయి ఉన్నాయి. వెన్నలో వేయించిన క్యాబేజీ, నూడుల్స్ వండిపెట్టింది. ఇలాంటి వంటగదుల్లో లోవెల్ ఎన్ని కబుర్లు చెప్పాడో, ఎంతమంది తల్లులకి ధైర్యం చెప్పాడో లెక్కలేదు. ఈసారీ అవే మాటలు, అదే వరుసలో చెప్పుకుపోతున్నాడు. చదువంతా ఉచితం, హాస్టలు ఉచితం, మీ అబ్బాయిని మా కొడుకులా చూసుకుంటాం. తన గొంతు తనకే విసుగేసింది.

గేరెట్‌కి కుడిపక్క కూర్చున్న లోవెల్, మాటల మధ్యలో రొట్టెల బుట్ట తీసి వాడి వైపు చాపాడు. కుర్రాడు అందుకోలేదు. బుట్ట అలాగే గాలిలో ఉండిపోయింది. డార్లీన్ చెబుతున్న మాట ఆపకుండానే లేచి, బుట్ట తీసుకుని, కొడుకు వెనకగా తిరిగి వెళ్ళి ఎడమవైపు పెట్టింది. కుర్రాడు వెంటనే రొట్టె తీసుకున్నాడు. రోజూ చేసే పనిలా ఉంది ఆ వ్యవహారం. లోవెల్‌కి టేపులన్నీ కళ్ళ ముందు తిరిగాయి. మధ్యలోంచి వచ్చినప్పుడు అందరిలాగే జంకాడు. కుడివైపు నుంచి వచ్చినప్పుడే జంకలేదు. ముప్ఫై ఏళ్ళ అనుభవం ఏ గంగలో కలిసిందో, మొదటిదాన్ని కొట్టిపారేసి, రెండోదానికి ధైర్యం అని పేరు పెట్టాడు.

"కుడికన్ను ఎప్పుడు పోయింది గేరెట్?" అని అడిగాడు.

డార్లీన్ చేతిలో గరిటె ఆగిపోయింది. గేరెట్ మాత్రం తల ఎత్తలేదు. "రెండేళ్ళయింది కోచ్. జులై నాలుగు పండగ రోజున, టపాకాయ పేలి."

"మరి స్కూలు డాక్టరు?"

"ఆ అక్షరాల అట్ట నాకు కంఠస్థమే."

"కళ్ళ డాక్టరు ఏమన్నాడమ్మా?" తల్లిని అడిగాడు.

"ఉన్నదాన్ని కాపాడుకోమన్నాడు" అందామె పొయ్యి వైపు తిరిగి. "తలకి గట్టి దెబ్బలు తగిలితే అదీ పోవచ్చన్నాడు."

లోవెల్ కుర్రాడి వైపు తిరిగి మెల్లగా అన్నాడు, "నువ్వు జంకవని అనుకున్నాను నాయనా. నీకు కనపడక నిలబడ్డావు."

కుర్రాడికి పౌరుషం వచ్చింది. "కనపడదు. అందుకని ప్రతి బంతికీ ఎవడో ఒకడు వస్తున్నాడనే అనుకుంటాను. మిగతావాళ్ళకి వచ్చినప్పుడే భయం. నాకు ఎప్పుడూ భయమే. అయినా విసిరానుగా?"

విసిరాడు, నిజమే. ఇన్నేళ్ళలో లోవెల్ విన్న ధైర్యం కబుర్లలో అంతకంటే పెద్దది లేదు. పైకి అంటే మాత్రం వాణ్ణి మైదానంలోకి తోసినట్టే. అందుకే మింగేశాడు. "మా కాలేజీ నిన్ను తీసుకోదు. నేనే వద్దని చెబుతాను" అన్నాడు.

"మీరు కాకపోతే డంకిల్ గారు గురువారం వస్తానన్నారు" అన్నాడు గేరెట్. "ఆయన రొట్టెల బుట్ట అందించే రకం కాదు."

మెర్ల్ డంకిల్ పక్క రాష్ట్రం కాలేజీ మనిషి. ఇద్దరూ ఒకే ఊళ్ళ మీద పడి ముప్ఫై ఏళ్ళుగా కొట్టుకుంటున్నారు. లోవెల్ చేతులు దులుపుకుని ఇంటికి పోవచ్చు. పోలేకపోయాడు. దారిలో పెట్రోలు బంకు దగ్గర ఆగి, గోడకున్న ఫోన్‌లో డంకిల్‌కి చేశాడు.

"మెర్ల్, ఆ హ్రివ్నాక్ కుర్రాడికి కుడికన్ను లేదు. వదిలెయ్."

అవతల నవ్వు మొదలై దగ్గులోకి దిగింది. "ముసలాడివైపోయావురా లోవెల్. మోకాలు పోయిందని చెబితే సగమైనా నమ్మేవాణ్ణి. కన్నంటావా?"

"నిజం చెబుతున్నాను."

"నువ్వెప్పుడు నిజం కానిది చెప్పావులే. ఆ లాట్రోబ్ ఊరి కుర్రాడికి మూర్ఛ అన్నావు. నాకు నాలుగేళ్ళు ఆడాడు వాడు. నేను నీకు చెప్పినవీ తక్కువేం కాదనుకో."

అదీ సంగతి. ఈ వృత్తిలో ఉన్నవాళ్ళు ఎదుటివాడికి నచ్చిన కుర్రాడి మీద లేనిపోనివి పుట్టించడం ఆనవాయితీ. తాగుతాడనీ, వెన్ను విరిగిందనీ, కాబోయే మామ ఆడనివ్వడనీ. అందరూ అబద్ధమాడతారు, అందరికీ తెలుసు, ఎవరూ ఏమీ అనుకోరు. ఆ అలవాటు కాస్తా ఇప్పుడు ఒక నిజం చెప్పుకోవలసి వచ్చేసరికి గొంతుకి అడ్డం పడింది.

"మీ డాక్టరు చేత కళ్ళు చూపించు మెర్ల్. అంతే అడుగుతున్నాను."

"మా డాక్టరా? పిల్లాడు ఊపిరి పీలిస్తే చాలు, సంతకం పెడతాడు. నువ్వింతగా గింజుకుంటున్నావంటే వాడు మేలిమి సరుకే. గురువారం దాకా ఎందుకు, రేపే పోతా" అని డంకిల్ పెట్టేశాడు. చెప్పి మరీ చెడగొట్టుకున్నట్టయింది.

మర్నాడు మధ్యాహ్నం ఆశ్రమం వెనక, ఆవిరి వచ్చే తలుపు దగ్గర డార్లీన్ కోసం నిలబడ్డాడు. స్కూలు కోచ్‌కి పొద్దున్నే చెప్పాడు. సీజను అయిపోయింది, ఇక నాకేం సంబంధం అన్నాడాయన. ఆమె ఆప్రాన్‌తోనే బయటికొచ్చింది.

"డంకిల్ నమ్మలేదమ్మా. ఎవరూ నమ్మరు, మా పరువు అలాంటిది. వాడికి ఇంకా ఇరవై ఒకటి రాలేదు కాబట్టి కాలేజీలో చేరే కాగితం మీద మీ సంతకం కూడా ఉండాలి. ఆపితే మీరే ఆపాలి."

"నాకు చెప్పొచ్చారా ప్రిచెట్ గారూ?" ఆమె గొంతు హెచ్చలేదు. "రెండేళ్ళుగా నేను ఒక్క ఆట చూడలేదు. బెంచీల కింద నిలబడతాను. చప్పట్లు వినపడితే లేచాడని అర్థం."

"మరి ఎందుకు ఆడనిచ్చారు?"

"కన్ను పోయాక వాడు గది తలుపు తీయలేదు. నాతో మాట్లాడలేదు. మళ్ళీ హెల్మెట్ పెట్టుకున్న రోజున అమ్మా అన్నాడు. మీకేం, వద్దని చెప్పి కారెక్కి పోతారు. నేను వద్దంటే నా ముఖం చూడడు వాడు."

అలా జరగదులెండి అని చెప్పడం లోవెల్‌కి బాగా వచ్చిన విద్యే. ఆ పూట ఆ విద్య చేతకాలేదు. "అవునమ్మా, చూడకపోవచ్చు" అన్నాడు. ఆమె లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

ఫిబ్రవరిలో, కుర్రాళ్ళు కాలేజీ కాగితాల మీద సంతకాలు పెట్టే రోజు వచ్చింది. స్కూలు జిమ్‌లో పొడుగు బల్ల, బెలూన్లు, డంకిల్ కాలేజీ టోపీ, ఊరి పత్రిక ఫొటోగ్రాఫరు. కాలేజీల మనుషులెవరూ ఆ చుట్టుపక్కలకి రాకూడదని నియమం. లోవెల్ వచ్చి వెనక తలుపు దగ్గర నిలబడ్డాడు. పోయిన వారమే కారు తాళాలు పెద్ద కోచ్ బల్ల మీద పెట్టేశాడు, ఇప్పుడతను ఏ కాలేజీ మనిషీ కాదు. మళ్ళీ తప్పానని తనే చెప్పి పెట్టాడు. ఆ గోల తప్పినందుకు బాధేమీ లేదు గానీ, రాత్రుళ్ళు నిద్ర మాత్రం పట్టడం లేదు.

గేరెట్ కూర్చున్నాడు. డార్లీన్ వచ్చి కొడుక్కి కుడిపక్క కుర్చీలో కూర్చుంది. గేరెట్ సంతకం పెట్టి, కాగితం తల్లి వైపు జరిపి, టోపీ తలకి పెట్టుకుని కెమెరా వైపు తిరిగి నవ్వాడు. జిమ్ అంతా చప్పట్లు. డార్లీన్ కలం పట్టుకుంది. కాగితం మీదికి వంగింది. కాసేపు అలాగే ఉండి, కలానికి మూత పెట్టి, బల్ల మీద ఉంచింది.

అది అందరికీ కనపడింది, గేరెట్‌కి తప్ప. చప్పట్లు ఒక్కొక్క వరుసలో ఆగిపోతున్నాయి. వాడు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. ఫొటోగ్రాఫరు కెమెరా దించాక గానీ ఏదో అయిందని వాడికి తోచలేదు. మెడ పూర్తిగా తిప్పి తల్లినీ, ఖాళీగా ఉన్న గీతనీ చూశాడు.

"సంతకం పెట్టమ్మా" అన్నాడు మెల్లగా. "అందరూ చూస్తున్నారు."

డార్లీన్ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, కొడుకు ముఖంలోకే చూస్తూ, "పెట్టను నాయనా" అంది.