కుండీ అడుగున ఎర్ర రాయి

నా గుండెదడ ఇంకా తగ్గలేదు. ఒంటిపూట బడులు కదా అని ఈ రోజు మా గల్లీ పిల్లలతో పూలకుండీలకు అద్దాలు, రంగురాళ్లు అతికించే పని పెట్టుకున్నాను. రాళ్లు ఇచ్చింది పక్కింటి అఫ్రీన్ వాళ్ల అమ్మమ్మ, అది పిలిచే నానీ. చార్మినార్ దగ్గరి లాడ్ బజార్ దుకాణాలకు రాళ్లు పొదిగిన లక్క గాజులు చేసిస్తుందావిడ.

అన్నీ అయ్యాక చూస్తే, ఉన్న ఒక్క పెద్ద ఎర్ర రాయి లేదు. నాలుగేళ్ల అఫ్రీనేమో మూతి బిగించుకుని కూర్చుంది.

"మింగినవా బిడ్డా? నోరు తెరువు!" అని అరిచాను. తల అడ్డంగా ఊపిందే తప్ప పెదవి విప్పలేదు. దాన్ని చంకనేసుకుని ఆసుపత్రికి పరుగెత్తుదామని వంగితే, అది తన ముందున్న కుండీలోకి చేయి పెట్టి తడిమి, అప్పుడు నోరు తెరిచింది.

"రాయి గట్టిగ పట్టేదాక మాట్లాడొద్దని నానీ చెప్పింది ఆంటీ. గిప్పుడు పట్టింది."

తొంగి చూస్తే కుండీ లోపల, అడుగున, మెరుస్తోంది రాయి.

"లోపలెందుకు పెట్టినవే?"

"బయటియన్నీ మనం చూస్తం. మరి మొక్క ఏం చూస్తది?"

గులాబీ మొక్క తెచ్చి పక్కన పెట్టాను. ఆ కుండీలో మట్టి పోయడానికే చేయి రావట్లేదు. మీరైతే పోస్తారా?