ఎస్ కొట్టండి, అంతే

ఫిల్మ్‌నగర్‌లో ఒక ఎడిటింగ్ స్టూడియోలో సర్వర్లు చూసుకునే పని నాది. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. ఆ కోపం ఒక మనిషిని ఏం చేసిందో ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పుకోలేదు.

సర్వర్‌ను తయారు చేసినప్పుడు దానికొక తాళంచెవుల జత పుట్టిస్తాం. తాను ఫలానా సర్వర్‌నేనని మిగతా కంప్యూటర్లకు అది రుజువు చూపించుకునేది ఆ జతతోనే. దాన్నుంచి వచ్చే పొడుగాటి అక్షరాల వరుసను ఫింగర్‌ప్రింట్ అంటాం. ఒక కంప్యూటర్ సర్వర్‌ను మొదటిసారి కలిసినప్పుడు అది తెరమీద కనబడుతుంది. సరిచూసుకుని, అవునంటూ ఎస్ కొట్టాలి. కంప్యూటర్ దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. ఆ తర్వాత ఎప్పుడైనా అది మారితే, ఇది మీకు తెలిసిన మెషిన్ కాకపోవచ్చు, జాగ్రత్త అని హెచ్చరిక వస్తుంది.

సర్వర్‌లో సాఫ్ట్‌వేర్ అంతా మళ్లీ ఎక్కించినప్పుడల్లా, పాత తాళంచెవులు దాచే ఓపిక లేక కొత్తవి పుట్టించేవాణ్ణి. దాంతో హెచ్చరిక మాటిమాటికీ వచ్చేది. అందరికీ ఒకటే మంత్రం నేర్పాను: పాత గుర్తు చెరిపేయండి, ఎస్ కొట్టండి, అంతే.

ఒక్కావిడ మాత్రం వినేది కాదు. అసిస్టెంట్ ఎడిటర్. రోజూ కృష్ణానగర్ నుంచి నడిచి వచ్చేది. పన్నెండేళ్లు పనిచేశాక, అప్పుడు మా స్టూడియోలో కట్ అవుతున్న సినిమాకు అసోసియేట్ ఎడిటర్‌గా టైటిల్స్‌లో మొట్టమొదటిసారి ఆవిడ పేరు పడబోతోంది. ఫింగర్‌ప్రింట్‌ను లాంగ్ నోట్‌బుక్‌లో రాసి పెట్టుకునేది. మారినప్పుడల్లా నోట్‌బుక్ పట్టుకుని వచ్చేది.

"సార్, గీ అక్షరాలు మారినయ్. జర చూసి చెప్పుండ్రి."

"ఎన్నిసార్లు చెప్పాలండీ మీకు? ఎస్ కొట్టమన్నానా లేదా? పోనీ నా ఉద్యోగం కూడా మీరే చేస్తారా?"

పదిమందిలో అన్నాను. అందరూ నవ్వారు. ఆ తర్వాత ఆవిడ రావడం మానేసింది. పీడ వదిలిందనుకున్నాను కూడా.

ఆ వేసవిలో పాత సర్వర్ తీసేసి కొత్తది కొన్నాం. అది వచ్చేదాకా అందరూ పనిని తమ కంప్యూటర్లలోనే దాచుకున్నారు. ఓనర్ గారు గురువారం పొద్దున ముహూర్తం పెట్టించారు. తీరా చూస్తే కొత్త సర్వర్‌లో వేయాల్సిన డిస్కులు రాలేదు.

"ముహూర్తం దాటిపోతే ఊరుకోను. ఏదో ఒకటి వెలిగించు" అన్నారు.

సరేనని, నేను ప్రయోగాలకు వాడుకునే పాత మెషిన్‌కు సర్వర్ అడ్రస్ ఇచ్చి, దానికే బొట్టు పెట్టించి, కొబ్బరికాయ కొట్టించాను. అది ఉత్తుత్తి సర్వర్ అని ఎవరికీ చెప్పలేదు. మధ్యాహ్నం డిస్కులు వచ్చాయి. అసలు సర్వర్‌ను నిలబెట్టి, ఆ పాత మెషిన్‌ను ఒక్కసారైనా తెరిచి చూడకుండా మొత్తం తుడిచేశాను.

కానీ పొద్దున పూజ అవగానే మిగతావాళ్లు ప్రసాదం దగ్గర ఉంటే, ఆవిడ మాత్రం పనిలో కూర్చుంది. సెకండాఫ్ మొత్తం, పదకొండు రోజుల కట్టింగ్, ఆ ఉత్తుత్తి సర్వర్‌లోకి ఎక్కించింది. ఎక్కించాక తన కంప్యూటర్‌లోంచి తీసేసింది. లీకుల భయంతో మా స్టూడియో పెట్టుకున్న రూలు అది.

మర్నాడు డైరెక్టర్ ముందు, అందరి ముందు, ఓనర్ గారు నన్నే అడిగారు. "సెకండాఫ్ ఎలా పోయిందయ్యా?"

"హెచ్చరిక వచ్చింది సార్. చూసుకోకుండా ఎస్ కొట్టేశారు."

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. అందుకే అంత ధైర్యంగా అనగలిగాను. ఆవిడ నా వైపు చూసింది. నేను నేల చూపులు చూశాను.

"అవు సార్, కొట్టిన" అంది. నేను నేర్పిన సంగతి ఎత్తలేదు.

ఆ సెకండాఫ్ వేరే అతను మళ్లీ కట్ చేశాడు. ఆవిణ్ణి పనిలోంచి తీసేశారు. సినిమా విడుదలయ్యాక థియేటర్‌కు వెళ్లి, లైట్లు వేసేదాకా టైటిల్స్ చూశాను. ఆవిడ పేరు లేదు. ఓనర్ గారితో నిజం చెప్పడానికి ఎన్నోసార్లు ఆయన గది దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. పిరికివాణ్ణి, అంతకంటే చెప్పడానికేం లేదు.

ఇప్పుడు తాళంచెవులను జాగ్రత్తగా దాస్తున్నాను. ఫింగర్‌ప్రింట్ కాగితం మీద రాసి ప్రతి గదిలో అంటించాను. అక్షరం తేడా ఉన్నా నన్ను పిలవమంటాను. ఎవరైనా పిలిస్తే పరుగెత్తి వెళ్తాను.

ఆవిడ వెళ్లిపోయాక నేను ఆ డెస్క్ ఖాళీ చేసేటప్పుడు సొరుగులో ఆ నోట్‌బుక్ దొరికింది. చివరి పేజీలో గురువారం నాటి ఫింగర్‌ప్రింట్ ఒక్క అక్షరం పోకుండా రాసి ఉంది. దాని కింద ఇంకో రెండు ముక్కలు.

"మళ్ళ మారింది. అడుగుదామంటే సార్ అందరి ముందట కోపం చేస్తడు."