ముందూ వెనకా ఎరుపే

కారును పాడుచేయాలంటే మామూలుగా దాన్ని నడపాలి. చెట్టుకు గుద్దాలి, లేదా గోతిలో దించాలి. నేను ఇంటి వెనక రేకుల షెడ్డులో, కారు అంగుళం కదలకుండా, ఒక బకెట్టు నీళ్ళతో పాడుచేశాను. అంతటితో ఆగి ఉంటే ఇది రాయదగ్గ సంగతి కాదు. ఆ బకెట్టు పుణ్యమా అని మర్నాడు ఉదయం అరకు ఘాట్ రోడ్డు మీద బళ్ళన్నీ వెనక్కి నడిచాయి. చదివాక మీరు నన్ను ఏమనుకున్నా ఫరవాలేదు. ఘాట్ మీద అంతకన్నా గట్టిగానే అన్నారు.

ఇది కొన్నేళ్ళ కిందటి మాట. అప్పట్లో నా తెలివి మీద నాకు ఇప్పటికన్నా చాలా నమ్మకం.

కారు నా భార్య సరోజది. ఆమె నర్సు. కొండ మీది ఊళ్ళన్నీ ఆ చిన్న తెల్ల కారులోనే తిరిగేది. కాన్పుకొచ్చేవాళ్ళు, కాఫీ గింజల బస్తాలు, ఒకసారి జత మేకపిల్లలు, అందరూ అందులో ప్రయాణం చేసినవాళ్ళే. నేను ఆశ్రమ పాఠశాలలో సైన్సు మాస్టార్ని. కారులో నాకున్న పని ఒక్కటే, పక్క సీట్లో కూర్చుని పుస్తకం చదువుకోవడం. రోడ్డు ఆమె చూసుకునేది. జబ్బు చేసి ఆమె పోయింది. రోడ్డు చూసుకునే మనిషి లేక నేను డ్రైవింగ్ నేర్చుకున్నాను.

సీటు మాత్రం వెనక్కి జరపలేదు. సరోజ పొట్టిది, సీటు స్టీరింగుకు దగ్గరగా ఉండేది. నేను పొడుగు. మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని నడిపేవాణ్ణి. బయటినుంచి చూసేవాళ్ళకు అగ్గిపెట్టెలో మిడతలా కనిపించి ఉంటాను. దుఃఖంలో ఉన్న మనిషి గంభీరంగా ఉంటాడని పుస్తకాల్లో రాస్తారు. రాసినవాళ్ళెవరూ అలా కూర్చుని కారు నడిపి ఉండరు.

ఇక దీపాల సంగతి. ముందు లైట్ల మీది ప్లాస్టిక్ ఎండకూ వానకూ పచ్చబడి మసకేసింది. ఉపమానాలంటే నాకు నమ్మకం తక్కువ. కానీ ముసలి కంట్లో శుక్లాలకూ వాటికీ తేడా లేదు. లైట్లు వేస్తే వెలుగు నాలుగడుగులు వెళ్ళి, ఇక చాల్లెమ్మని అక్కడే కూర్చునేది.

సరోజ తమ్ముడు సూరిబాబు ఘాట్ కింద ఎస్. కోటలో ఉంటాడు. వాళ్ళ అమ్మ, అంటే మా అత్త, కూతురు పోయినప్పటినుంచి నాకు తోడుగా అరకులోనే ఉంటోంది. తల్లిని చూడ్డానికి వచ్చిన సూరిబాబు కారు చుట్టూ తిరిగి, లైట్లు వేయించి, ఆర్పించి, తల గోక్కున్నాడు.

"ఈ లైట్లెట్టుకొని తిరుగుతన్నావేటి బావా?"

"సంత దాకా వెళ్ళి వస్తున్నానంతే."

"ఇయ్యాల సంత దాకా ఎల్తావు. రేపు మంచులో ఘాట్ దిగుతావు. అక్క ఎలాగూ ఎల్లిపోనాది. నువ్వు కూడా ఎల్లిపోతే మాకెవలున్నారు? తాళం నాకిచ్చీ. బండి తుక్కులో ఏసేత్తాను."

వాడిది కోపం కాదు, భయం. అది నాకు అర్థమైంది. కానీ తుక్కు అన్న మాట విన్నాక, ఆ సీటును ఎవరో పీకి పారేస్తున్నట్టు కనిపించింది. ఇవ్వనన్నాను. వాడు ఇమ్మన్నాడు. చివరికి అత్త మధ్యన పడి ఒక ఒప్పందం కుదిర్చింది. వచ్చే ఆదివారం తెల్లారగట్ల, మంచు దట్టంగా ఉన్న వేళ, నేను అత్తను ఎక్కించుకుని ఘాట్ దిగాలి. కారు మీద గానీ అత్త మీద గానీ గీత పడకుండా ఎస్. కోట చేరితే కారు నాది. లేదంటే తాళం సూరిబాబుది, నేను బస్సులో ఇంటికి రావాలి.

చదువుకున్నవాడు సమస్య ఎదురైతే ఏం చేస్తాడు? ఇంకా చదువుతాడు. మసకబారిన లైట్లను ఇంట్లోనే మెరిపించడం ఎలాగో ఫోనులో దొరికినంతా చదివాను. చేతులు కాలాక ఆకులు పట్టుకునేవాళ్ళను చూశాం. నేను ముందుగానే ఆకులన్నీ పోగేసుకుని, చేతులు కాల్చుకోవడానికి బయలుదేరాను.

మొదట టూత్‌పేస్టు. అరచేయి నొప్పెట్టేదాకా రుద్దాను. కారు ముందుభాగం లవంగాల వాసన వేసింది తప్ప మార్పు లేదు. తరవాత గరుకు కాగితం. గరుకుతో మొదలుపెట్టి, తడుపుతూ, నున్నటి రకాలకు వెళ్ళాలని రాసి ఉంది. శుక్రవారం సంతలో దొరికింది ఒకటే రకం, తలుపులకు పాత రంగు గీకేది. మొదలు ఎలాగూ గరుకే కదా, మొదలుపెడదాం అనుకున్నాను. మొదలుపెట్టాను. అక్కడే ముగిసింది కూడా. పచ్చదనం పోయింది, దాంతోపాటు వెలుగూ పోయింది. లైట్లు పిండి రుద్దినట్టు తెల్లగా తయారయ్యాయి.

అత్త వచ్చి వంగి చూసింది. "ముందు మసగ్గా అయినా అగుపించీది బాబూ. ఇప్పుడు అసలేటీ అగుపించదు. ఇది బాగయినట్టా?"

బాగవడంలో ఇదొక దశ అని చెప్పాను. పిల్లల పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు కూడా నాకు ఇలాంటి మాటలే తోస్తాయి.

శనివారం మధ్యాహ్నం బడి బల్లలకు వేయగా మిగిలిన వార్నిష్ గుర్తొచ్చింది. గీతల్లోకి వార్నిష్ దిగితే ప్లాస్టిక్ మళ్ళీ తేటపడాలి. పల్చగా పూశాను. నమ్మండి, తేటపడింది. లోపలి బల్బు గాజుబుడ్డిలో గోళీలా స్పష్టంగా కనిపించింది. కారు చుట్టూ తిరిగాను. ఎదురుగా నిలబడ్డాను, పక్కనుంచి చూశాను. ఇల్లలకగానే పండగ కాదంటారు. నేను అలికింది ఆరకముందే పండగ మొదలుపెట్టి, టీ పెట్టుకోవడానికి లోపలికి వెళ్ళాను.

అసలు ముప్పు వచ్చింది అప్పుడే. ప్రయాణం ముందు బండికి పసుపూ బొట్టూ పెట్టకపోతే అత్తకు మనసొప్పదు. అల్లుడి మొదటి ఘాట్ ప్రయాణం, పైగా పందెం. మా ఏజెన్సీ పసుపు ఇంట్లో దంచింది, చేతికంటితే వారం పోదు. దాన్ని తడిపి, గడపకు రాసినట్టు, రెండు లైట్లకూ నిండుగా రాసేసింది. నేను గ్లాసు పట్టుకుని వచ్చేసరికి కారు పెళ్ళికూతురైంది.

"అత్తా, అది ఇంకా ఆరలేదు."

"ఆరిపోతే అంటుకోదు కద బాబూ."

ఆమె రాసినంత భక్తిగా వార్నిష్ దాన్ని లోపలికి తీసుకుంది. గుడ్డతో తుడిస్తే రాలేదు. సబ్బు పెట్టినా కదల్లేదు. ఆదివారం ముంచుకొస్తోంది. వేడినీళ్ళలో చాకలిసోడా గుప్పెడు కలిపి, బకెట్టు ఎత్తి రెండు లైట్ల మీదా పోసి బ్రష్షుతో తోమాను.

ఇక్కడ పాఠకులకు ఒక సంగతి మనవి చేయాలి. ఏటేటా నేను పిల్లలచేత కాగితానికి పసుపు రాయించి, సోడానీళ్ళలో ముంచిస్తాను. కాగితం ఎర్రబడుతుంది. పిల్లలు చప్పట్లు కొడతారు. ఎందుకు ఎర్రబడిందో అడిగి, చెప్పలేనివాణ్ణి నిలబెడతాను. అలాంటి నేను పసుపు మీద సోడానీళ్ళు పోశాను. పాఠం గుర్తురాలేదా అంటే, వచ్చింది. లైట్లు రెండూ పారాణి పెట్టిన పాదాల్లా ఎర్రగా మారుతున్నప్పుడు, ఒక్కో వాక్యం వరసగా గుర్తొచ్చింది. నిజం చెప్పాలంటే, నాకు మొదట కలిగింది సంతోషమే. ప్రయోగం అంత బాగా తరగతిలో ఎప్పుడూ కుదరలేదు.

పుస్తకం ప్రకారం నిమ్మరసం పోస్తే ఎరుపు మళ్ళీ పసుపవ్వాలి. ఇంట్లో ఉన్న నిమ్మకాయలన్నీ పిండాను. అయింది కూడా. తరవాత ఆ నిమ్మరసాన్ని ఏ నీళ్ళతో కడిగానో అడక్కండి. ఇంట్లో బకెట్టు ఒకటే.

వార్నిష్ బిగిసింది. లైట్లు వేస్తే షెడ్డు గోడ కుంకుమ రంగులో వెలిగింది. బుద్ధిమంతుడైతే బావమరిదికి ఫోను చేసి వాయిదా అడుగుతాడు. నేను సైన్సు మాస్టార్ని. మంచులో అన్ని రంగులకన్నా ఎర్ర కాంతే దూరం పోతుంది, ప్రమాద సూచికలకు అందుకే ఎరుపు వాడతారు అని నాకు నేనే పాఠం చెప్పుకున్నాను. ఆ లెక్కన నా కారు మునుపటికన్నా మెరుగైంది. అత్తకు కూడా వివరించాను. ఆమె శ్రద్ధగా విని, చదువుకున్నోడివి నీకు తెలీదా అంది. ఆ నమ్మకం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆదివారం అనంతగిరి దాటాక మంచు మమ్మల్ని మింగేసింది. రెండో గేరులో, నడిచే మనిషి దాటిపోయే వేగంతో, హారన్ కొట్టుకుంటూ దిగుతున్నాను. ఎదురుగా కిందినుంచి రెండు తెల్లటి వెలుగులు ఎక్కుతూ వచ్చాయి. ఆగాయి. కాసేపు ఆలోచించినట్టు అక్కడే ఉండి, వెనక్కి వెళ్ళిపోయాయి. వాటి వెనక ఇంకో జత వెలుగులు, అవీ వెనక్కే. మలుపు తిరిగితే అక్కడా అదే వరస. కింద హారన్లు, కేకలు.

ఇంత మర్యాద నేను ఏ రోడ్డు మీదా చూడలేదు. అత్త చీరచెంగుతో కళ్ళు ఒత్తుకుంది. "అందరూ దారిచ్చెత్తన్నారు బాబూ. సరోజ కారని తెల్సినట్టున్నాది."

నేను కృతజ్ఞతగా ఇంకోసారి హారన్ కొట్టాను. అంతలో మంచులోంచి ఇద్దరు మనుషులు చెరో బండరాయి మోసుకుంటూ పరిగెత్తుకొచ్చి, నా ముందు చక్రాల కింద వేసి, బానెట్ మీద చేతులు ఆనించి బలంగా నెట్టడం మొదలుపెట్టారు. నేను బ్రేకు వేసి అద్దం దించాను. జీపు డ్రైవరొకడు ఆయాసపడుతూ తల లోపలికి పెట్టాడు.

"బ్రేకులు పోనాయా మాస్టారూ?"

"లేదే, బాగానే ఉన్నాయి."

"మరెందుకు ఎనక్కొచ్చెత్తన్నావు?"

"వెనక్కి రావడం లేదు. ముందుకే దిగుతున్నాను."

అతను నన్ను చూశాడు. ఎర్ర లైట్లను చూశాడు. కారు వెనక్కి నడిచి వెళ్ళి అక్కడా ఎర్ర లైట్లే చూసి, మళ్ళీ వచ్చాడు.

"ముందూ ఎరుపే, ఎనకా ఎరుపే. ఇంక నీది ఏ పక్కని ఎలా తెలుత్తాది? పైనుంచి ఎర్ర లైట్లు మీదకొచ్చెత్తంటే, ఎక్కుతున్న బండి బ్రేకులు తెగి ఎనక్కి జారిపోతన్నాదనుకున్నాం. పానాలు అరసేతిలో ఎట్టుకొని అందరం రివర్సు కొట్టినాం."

వెనకున్నతను నా కోసం ఇంకో రాయి తెచ్చాడు. బ్రేకులు బాగానే ఉన్నాయని అతనికి ఎవరూ చెప్పినట్టు లేదు.

అందరికన్నా ముందు రివర్సు కొట్టిన బండి ఎవరిదని అడిగాను. కింది మలుపులో, కొండ పక్క కాలవలోకి వెనక చక్రం దిగిపోయి, వెనక లైట్లు రాతికి తగిలి పగిలిపోయిన కొత్త కారొకటి చూపించారు. దాని తలుపు తెరుచుకుని సూరిబాబు దిగాడు. రాత్రంతా నిద్రపట్టక, పందెం సంగతి వదిలేసి, మాకు దారి చూపిద్దామని తెల్లారకుండా ఘాట్ ఎక్కుతున్నాడట. దెబ్బలేమీ తగల్లేదు.

"బావా, అది నువ్వా?"

"నేనే."

"ఏటి సేసినావు దాన్ని?"

"కడిగాను."

అత్త కారు దిగింది. తెల్లారుతున్న వెలుగులో ముందు నుంచి వెనక దాకా అరచేత్తో తడుముకుంటూ కారు చుట్టూ ఒకసారి తిరిగింది. తరవాత కొడుకు వైపు చూసింది.

"దీని మీద గీత నేదు. నా మీదా నేదు. నీ బండి ఊసు ఒప్పందంలో నేదు."

"అమా, ఘాట్ ఘాటంతా ఎనక్కి నడిపించీసినాడే."

"నడిపించనీ. నన్ను మాత్రం నిమ్మలంగా తెచ్చినాడు."

సూరిబాబు కల్వర్టు గోడ మీద కూర్చుని నవ్వడం మొదలుపెట్టాడు. అక్క పోయాక వాడు నా ముందు నవ్వడం అదే మొదటిసారి. జీపు డ్రైవరు నవ్వాడు, రాళ్ళు మోసినవాళ్ళు నవ్వారు, ఎందుకు నవ్వుతున్నారో తెలియకపోయినా అత్త కూడా నవ్వింది. కొంతసేపటికి సూరిబాబు నవ్వు నవ్వులా లేదు. నేను అటు తిరిగి, చక్రాల కింద రాళ్ళు తీస్తూ ఉండిపోయాను. తీయడానికి బాగా టైము పట్టేలా తీశాను.

వాడి కారును అందరూ కలిసి కాలవలోంచి ఎత్తారు. మంచు విడిపోయి ఎండ వచ్చాక, లైట్ల అవసరం లేకుండానే ఎస్. కోట చేరాం. నా కారుకు కొత్త లైట్లు సూరిబాబే దగ్గరుండి వేయించాడు. మెకానిక్ షెడ్డులోకి నన్ను రానివ్వలేదు. పని అయ్యాక తాళం తెచ్చి నా చేతిలో పెట్టి, వేళ్ళు మూసి, కాసేపు అలాగే పట్టుకున్నాడు.

"బండి నీదే బావా. ఎంత దూరమైనా నడుపుకో, నేను కాదన్ను. కడక్కు."

కనుక పాఠకులందరి ఎదుట, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా ప్రమాణం చేస్తున్నాను. ఆ కారును నేను ఈ జన్మలో కడగను, తుడవను, మెరిపించను. ఆ పని మా అరకు వానకు అప్పగించాను. దానికి చదువు లేదు. అందుకే కాబోలు, ఇంతవరకు ఏ పొరపాటూ చేయలేదు.