ఏ సాహెబుకు లేవాలి?

మొన్న శుక్రవారం పొద్దున మా తమ్ముడు పోయాడు. దేవుడి దగ్గర దీపం పెడుతుండగా మహారాష్ట్రలో మా తాలూకా ఊరైన దెగ్లూర్ నుంచి మనిషి వచ్చి చెప్పాడు. దండం పెట్టుకొని బస్సెక్కాను. అక్కడి కోర్టు వకీళ్లు సంతాప సభ పెట్టారు. అధ్యక్షత ఎవరిదని అందులోనూ కొట్లాడుకున్నారు. వాళ్లకు అదొక రోగం.

తమ్ముడూ ఆ కోర్టులోనే వకీలు. ఇంటికొస్తే గడప బయట చెప్పులతో పాటు గొంతు కూడా విడిచి లోపలికి వచ్చేవాడు. ఎప్పుడైనా అన్నం తింటూ, "అక్కా, కుర్చీ కోసం కొట్లాడేటోనికి కూసునే తీరిక ఉండదు" అనేవాడు.

ఆ మాట ఎందుకో మీకు చెప్పాలి. ఒక ఏడాది ఆ కోర్టు పాత మేజిస్ట్రేటుకు బదిలీ అయింది. కొత్తాయన వచ్చాడు. బదిలీ రద్దవుతుందన్న ఆశతో పాతాయన ఛార్జి ఇవ్వనన్నాడు. అప్పుడే మా ఊరి రైతు ఒకాయన గట్టు తగాదాలో జైల్లో పడ్డాడు. విత్తే అదునుకు మిరుగు వాన పడింది. జామీను మీద బయటికి రాకపోతే చేను బీడే. జామీను అర్జీ పెట్టింది తమ్ముడే. దాన్ని ఒకరు చేతిలోకి తీసుకుంటే, చెల్లదని రెండో ఆయన.

రైతు భార్యకు తోడుగా నేనూ కోర్టుకు పోయాను. పాతాయన ఒక తలుపు నుంచి వచ్చాడు. అందరూ లేచారు. కూర్చునే లోపే కొత్తాయన రెండో తలుపు నుంచి వచ్చాడు. మళ్లీ లేచారు. తల నెరిసిన వకీళ్లు గుంజీలు తీశారు. తమ్ముడొక్కడే లేవలేదు. పాతాయన గద్దించాడు. తమ్ముడు మరాఠీలో అన్నది మా భాషలో ఇది: "ఎవరికి లేవాల్నో మీరిద్దరు తేల్చుకోండ్రి సాబ్. తేలినంక లేస్త."

అంతదాకా ఒకరి మొహం ఒకరు చూడని ఆ ఇద్దరూ, తమ్ముణ్ని బయటికి పంపడంలో మాత్రం ఒక్కటయ్యారు. అర్జీ బల్ల మీదే ఉండిపోయింది. పగవాళ్ల మేలు కూడా కోరి దండం పెట్టుకునే దాన్ని నేను. ఆ దండంలో ఆ ఇద్దరి పేర్లు మాత్రం ఈనాటికీ నా నోటికి రాలేదు.

వరండాలో రైతు భార్య ఏడ్చింది. "నా చేను ఎట్ల వకీలు సాబ్? తడి ఆరిపోతది."

"ఎడ్లున్నయా?"

"ఉన్నయి. విత్తనానికి గొర్రు తోలేటోడే లేడు."

"పద, నేను తోల్త."

నేను ఆపాను. "అరేయ్, నీకు గొర్రు తోలొస్తదారా?"

"రాదక్కా. గాళ్లకు తీర్పు చెప్పొస్తదా?"

నల్లకోటు గట్టు మీద పెట్టి ఎడ్ల వెనక నిలబడ్డాడు. ఆమె, నేను గొర్రు గొట్టాల్లో జొన్న గింజలు పోశాం. సాళ్లు ఒక్కటీ తిన్నగా పోలేదు. నాందేడ్ జిల్లా కోర్టు నుంచి హుకుం వచ్చి, కుర్చీ ఎవరిదో తేలి, రైతు విడుదలై వచ్చేసరికి జొన్న మొలిచింది. చేనంతా వంకరగా, పచ్చగా.