అక్క పాటలు దాచిన డబ్బా

వీధి చివరింట్లో ఉండే లిఫ్టుల మెకానిక్కుకి ఒక పట్టింపు. యంత్రంలోంచి ఏ పాత భాగం విప్పినా అక్కడికక్కడే శుభ్రంగా తుడిచి పెట్టెలో పెట్టేయాలి. ముప్పై ఏళ్ల అలవాటు, చేతిలో జీర్ణించుకుపోయింది.

ఇంటిల్లిపాది ఫొటోలూ కాగితాలూ దాచడానికి ఆయన సొంతంగా ఒక సర్వర్ డబ్బా బిగించుకున్నాడు. అందులో నాలుగు పెద్ద డిస్కులు, వాటి ముందు వేగంగా పనిచేసే ఒక చిన్న డిస్కు, ఎస్సెస్డీ. వచ్చిందల్లా ముందు చిన్నదాంట్లో వాలుతుంది, తీరిక చూసుకుని పెద్దవాటిలోకి దిగుతుంది. ఈ మాట ఇంట్లో అందరికీ వందసార్లు చెప్పింది ఆయనే!

ఆయన అక్క సంగీతం టీచరమ్మ. గొంతుకి ఆపరేషన్ అయ్యాక ఇక మాట రాదని డాక్టరు ముందే చెప్పేశాడు. అందుకని ఆవిడ మూడు రోజులు కూర్చుని వచ్చిన పాటలన్నీ ఫోన్లో పాడిపెట్టింది. తమ్ముడు వాటిని డబ్బాలోకి ఎక్కించి, ఫోన్లోంచి తీసేశాడు. చిన్న ఎస్సెస్డీ నిండిపోయి డబ్బా నత్తనడక పట్టింది.

"ఏరా, ఇది నిద్ర లేచేలోపు నా ఆపరేషన్ కూడా అయిపోయేట్టుందే!"

"ఉండవే అక్కా, దీని బదులు పెద్ద ఎస్సెస్డీ వేస్తాగా. నువ్వొచ్చేసరికి చిటికేస్తే పాడుద్ది."

"చిటికెలు తర్వాత. ముందు నా పాటలు జాగ్రత్త."

ఆపరేషన్ రోజు పొద్దున్నే పని మొదలుపెట్టాడు. పాత ఎస్సెస్డీలో ఉన్నదంతా పెద్ద డిస్కుల్లోకి దించమని డబ్బాకి చెప్పి, అయ్యేదాకా కాచుకోవాలి. అది సగంలో ఉండగానే బావ ఫోను: "లోపలికి తీసుకెళ్తున్నారు, త్వరగా రా." కట్టేస్తే మిగిలింది దానంతటదే దిగుతుందిలే అనుకుని స్విచ్ ఆపేశాడు. పాతది పీకాడు, కొత్తది బిగించాడు. పీకినదాన్ని చెయ్యి ఊరుకోక మొత్తం చెరిపేసి, కాగితంలో చుట్టి పెట్టెలో పెట్టి మరీ వెళ్లాడు.

పదో రోజు అక్క మెడకి కట్టుతో ఇంటికొచ్చి, కళ్లతోనే డబ్బా వైపు చూపించింది. ఆయన హుషారుగా ఆవిడ ఫోల్డరు నొక్కాడు. రెప్పపాటులో తెరుచుకుంది. లోపల ఒక్క పాటా లేదు.

పెట్టెలోని పాత ఎస్సెస్డీ పట్టుకుని, చెరిగినవి తిరిగి తీస్తామనే షాపులు రెండు తిరిగాడు. ఇద్దరూ తల అడ్డంగా ఊపారు.

"తిట్టవే అక్కా, నాలుగు తిట్టు," అన్నాడు ఆవిడ ముందు కూలబడి. అలవాటు కొద్దీ ఆవిడ నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. కాగితం లాక్కుని రాసింది: "మొదటి పాట నువ్వు పాడు. తప్పులు దిద్దుతా."

చిన్నప్పుడు పక్క గదిలో రోజూ వినపడిన పాటే. పల్లవి పాడాడు. చరణం దగ్గర ఆగిపోయాడు, ఏనాడూ చెవిపెట్టి విన్నవాడు కాదు.

అక్క వేళ్లు బల్లమీద తాళం వేస్తూనే ఉన్నాయి.