లేబులు లేని సీసా

ఆయన్ని అందరూ పంపు బావ అనేవారు. వరస కలిసినవాళ్లూ అంతే, కలవనివాళ్లూ అంతే. ఇరవై ఏళ్లుగా వీపున పంపు తగిలించుకుని అందరి తోటలకూ మందు కొట్టడమే ఆయన పని. ఆయన చెయ్యి పడితే పురుగు మళ్లీ కనపడదని పేరు. "ఏం మందు కలుపుతావయ్యా?" అని ఎవరైనా అడిగితే నవ్వేసి ఊరుకునేవాడు. కొన్న సీసాను కొన్నట్టే బకెట్లో నానబెట్టి లేబులు ఊడదీయడం భార్య వంతు. ఇంట్లో పొయ్యి వెలుగుతున్నది ఆ గుట్టు వల్లేనని ఆమెకు తెలుసు. గుట్టు కడుపులో దాచుకోవడంలో మొగుణ్ణి మించిన మనిషి.

ఒక మధ్యాహ్నం మందు చిమ్మే నాజిల్ మూసుకుపోతే ఎప్పటిలాగే నోట పెట్టి ఊదాడు. ఇల్లు చేరేసరికి ఒళ్లంతా చెమట, నోటివెంట చొంగ, కండలు వాటంతటవే అదురుతున్నాయి. ఉప్పునీళ్లు తాగించి కక్కించమని చుట్టుపక్కలవాళ్లు ఒకటే గోల. ఆమె ఎవరి మాటా చెవిన పెట్టలేదు. బట్టలు విప్పించి, సబ్బుతో ఒళ్లు కడిగి, ఆటో ఎక్కించి గంటలోపే ఆస్పత్రికి చేర్చింది. సీసా కూడా సంచిలో వేసుకుంది.

డాక్టరమ్మ సీసాను అటూ ఇటూ తిప్పి చూసి తల పట్టుకుంది. చేసేదిలేక లక్షణాలను బట్టి ఇంజెక్షన్లు మొదలుపెట్టింది. మర్నాటికి పంపు బావ లేచి కూర్చుని నర్సుతో పరాచికాలాడుతున్నాడు.

"ఇప్పుడైనా చెప్పు బాబూ, అది ఏ మందు?" అంది డాక్టరమ్మ. "కొన్ని రకాలు తగ్గినట్టే తగ్గి మూడోనాడు తిరగబెడతాయి. ముందు మెడ పడిపోతుంది, ఆ తర్వాత ఊపిరి. అలాంటిదైతే నిన్ను ఈ ఊపిరి మిషన్ పక్కనుంచి కదపను. మాకున్నది ఇదొక్కటే."

ఎదుటి మంచం మీద, ఆయాసంతో చేరిన, తోటలకు మందు కొట్టే ఇంకొకడు చెవులు రిక్కించి పడుకుని ఉన్నాడు. పంపు బావ అతన్ని చూశాడు.

"మామూలుదేనమ్మా, అందరూ కొట్టేదే," అని నోటికొచ్చిన పేరొకటి చెప్పాడు. దుప్పటి కింద భార్య చెయ్యి గట్టిగా నొక్కాడు.

ఆ లేబులు ఊడదీసింది ఆమే. అసలు పేరు నాలుక చివరిదాకా వచ్చింది. వరండాలో డాక్టరమ్మ ఒంటరిగా దొరికినప్పుడు కూడా నోరు తెరిచి మళ్లీ మూసుకుంది. కళ్లముందు నవ్వుతున్న మనిషికి ఏమవుతుందిలే అనుకుంది. ఆ సాయంత్రమే ఆయన్ని పై అంతస్తులోని మామూలు వార్డుకి మార్చారు.

మూడోనాడు పొద్దున ఆమె పాలగ్లాసుతో మంచం దగ్గరికి వచ్చింది.

"లేవయ్యా, చల్లారిపోతాయి."

"లేస్తున్నానే," అన్నాడు. మాట ముక్కుతో అన్నట్టుగా వచ్చింది.

"ఏదీ, తల ఎత్తు."

ఎత్తబోయాడు. మెడ నిలవక తల దిండు మీదినుంచి లేవలేదు.

"వేళాకోళాలు చాలించు," అంది. అంతలో ఆయన కళ్లలో భయం చూసింది.

గ్లాసు ఎక్కడ పడేసిందో తెలియదు. రెండేసి మెట్లు దిగుతూ, ఇరవై ఏళ్లు దాచిన పేరును ఆస్పత్రంతా వినిపించేలా అరుచుకుంటూ పరుగెత్తింది. డాక్టరమ్మ ఎదురొచ్చింది. "ఈ మాట నిన్న ఎందుకు చెప్పలేదమ్మా?" అంది.

ఆమె ఎవరు వినకూడదని దాచిందో, ఆ ఎదుటి మంచం మనిషి ఆ అరుపు వినలేదు. రాత్రి ఆయాసం ముదిరి స్పృహ తప్పాడు. మిషన్ ఇప్పుడు అతని మంచం దగ్గరుంది.